ఆ కాలం ఎవరి కాలం? లాస్ కసాస్‌ని చదువుకుంటూ కొన్ని ప్రశ్నలు

ఆనాటి మనుషుల్ని ఈనాటి కొలబద్దలతో కొలవకూడదన్న మాట మనం తరచూ వింటుంటాం. సెమినార్లలో వింటాం. చరిత్ర పుస్తకాల ముందుమాటల్లో చదువుతాం. చర్చి పెద్దలు చెప్తే తలూపి ఊరుకుంటాం. మాట వినయంగా ఉంటుంది, గతం పట్ల గౌరవంగా కూడా అనిపిస్తుంది. అయితే ఈ మాట ఎప్పుడొచ్చినా కాల్చినవాడి తరఫునే వస్తుంది. కాలినవాడి తరఫున వచ్చిన దాఖలా మాకింతవరకు కనబడలేదు. "ఆ కాలం అట్లాంటిది" అనేటప్పుడు ఆ కాలంలోకి ఎవరెవర్ని లెక్కేస్తున్నారు, ఎవర్ని బయట నిలబెడుతున్నారు అన్నది తేల్చుకోవాలనుకున్నాం. అందుకోసం ఒక పుస్తకాన్ని దగ్గర పెట్టుకున్నాం.

1552లో స్పెయిన్‌లోని సెవిల్లె నగరంలో అచ్చయిన చిన్న పుస్తకమది. ఇండీస్ విధ్వంసం గురించిన సంక్షిప్త కథనం. రాసినవాడు బార్తొలొమె దె లాస్ కసాస్. డొమినికన్ సన్యాసి, మెక్సికో దక్షిణాన చియాపాస్‌కి బిషప్‌గా ఉన్నవాడు. 1542లో రాసి, పదేళ్ల తర్వాత యువరాజు ఫిలిప్‌కి అంకితమిచ్చి అచ్చేయించాడు. కరీబియన్ దీవులతో మొదలుపెట్టి పెరూ దాకా ఒక్కో ప్రాంతమే తీసుకుని, అక్కడి జనాన్ని స్పెయిన్ వాళ్లు ఏం చేశారో చెప్పుకొస్తాడు. బంగారం చూపించలేదని కాల్చడం, వేటకుక్కల్ని ఉసిగొల్పడం, గనుల్లోనూ ముత్యాల వేటలోనూ చచ్చేదాకా పనిచేయించడం. ఒక్క బిగిన చదవగలిగే పుస్తకం కాదు. మేం కూడా మధ్యమధ్య మూసిపెట్టి మళ్లీ తీశాం.

చంపినవాళ్ల పేర్లు ఆయన దాదాపు ఎక్కడా చెప్పడు. అది భయమో వ్యూహమో పండితులు తేల్చుకోనీ. పేర్లకు బదులు ఆయన తరచూ వాడే మాట మాత్రం మనల్ని పట్టుకుంటుంది: "క్రైస్తవులు". క్రైస్తవులు ఊళ్లోకి వచ్చారు, క్రైస్తవులు తిండిగింజలు లాక్కున్నారు, క్రైస్తవులు కొయ్యలు పాతారు. క్రీస్తుకీ పన్నెండుమంది అపొస్తలులకీ గౌరవసూచకంగా పదమూడేసి మందిని కట్టి కాల్చారని రాస్తాడు. రాసింది హిందువు కాదు, ముస్లిం కాదు, నాస్తికుడు కాదు. బిషప్. 1552లో. ఈనాటి కొలబద్ద అంటున్నారే, అది ఈనాటిదని మనకి చెప్పిందెవరు?

కొంచెం వెనక్కి వెళ్దాం. లాస్ కసాస్ పుట్టుకతోనే పీడితుల పక్షాన నిలబడ్డ మనిషేం కాదు. 1502లో హిస్పానియోలా దీవికి భాగ్యం వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడు. అక్కడ ఆదివాసుల్ని ఊళ్లకు ఊళ్లుగా స్పానిష్ దొరలకు అప్పగించే పద్ధతి ఉండేది. ఎన్‌కొమియెందా అనేవాళ్లు. వాళ్లకి మతం నేర్పడం దొర బాధ్యత, దొరకి చాకిరీ చెయ్యడం వాళ్ల బాధ్యత. తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు, వెట్టి అంటే చాలు. లాస్ కసాస్‌కి కూడా అట్లాంటి వాటా ఉండింది. పూజారి అయ్యాక కూడా ఉంచుకున్నాడు.

1511 డిసెంబరులో సాంటో డొమింగో చర్చిలో ఆంతోనియో దె మొంతెసినోస్ అనే డొమినికన్ సన్యాసి ప్రసంగం చేశాడు. ఎదురుగా గవర్నరు దియెగో కొలంబస్ దగ్గర్నుంచి ఆ దీవిలోని పెద్దమనుషులంతా కూర్చున్నారు. మీరంతా ఘోరపాపంలో ఉన్నారు, ఏ హక్కుతో ఈ జనాన్ని బానిసల్లా వాడుకుంటున్నారు, వీళ్లు మనుషులు కారా అని అడిగాడు. జనం మండిపడ్డారు. మఠానికెళ్లి మాట వెనక్కి తీసుకొమ్మన్నారు. వచ్చే ఆదివారం సర్దుకుంటాడులే అనుకుని వెళ్లారు. వచ్చే ఆదివారం ఆయన అదే మాట ఇంకొంచెం గట్టిగా అన్నాడు. వెట్టికి మనుషుల్ని ఉంచుకున్నవాళ్లకి పాపసంకీర్తనం ఇవ్వమని కూడా డొమినికన్లు తేల్చిచెప్పారు.

ఆ నిరాకరణ లాస్ కసాస్‌కీ ఎదురైంది. తనకి పాపక్షమాపణ ఇవ్వనన్న సన్యాసితో ఆయన వాదానికి దిగాడు. ఆ తర్వాత క్యూబా ఆక్రమణకి సైన్యం వెంట గురువుగా వెళ్లాడు, కయొనావొ ఊళ్లో ఊచకోత కళ్లారా చూశాడు, అయినా క్యూబాలో కూడా భూమీ మనుషుల వాటా తీసుకున్నాడు. 1514లో పెంతెకొస్తు పండుగ ప్రసంగం తయారుచేసుకుంటూ సీరా జ్ఞానగ్రంథం 34వ అధ్యాయం దగ్గర ఆగిపోయాడు. (ప్రొటెస్టెంట్ల తెలుగు బైబిల్లో ఈ గ్రంథం ఉండదు. కతోలికుల బైబిల్లో ఉంటుంది.) పేదవాడి నోటికాడి కూడు లాక్కుని దేవుడికి నైవేద్యం పెట్టేవాడు హంతకుడితో సమానమన్నది అక్కడి సారాంశం. అప్పుడు తన వాటా వదులుకున్నాడు, ఆగస్టు 15న ఆ సంగతి ప్రసంగంలో బాహాటంగా చెప్పాడు.

ఆ మధ్య గడిచిన రెండుమూడేళ్లు మాకు ముఖ్యం. తప్పని ఆయనకి తెలియక కాదు. ముఖం మీదే చెప్పారు. తప్పని ఒప్పుకుంటే ఆస్తి పోతుంది కాబట్టి ఒప్పుకోలేదు. "ఆ కాలానికి తెలియదు" అన్న వాదం అసలు ఎక్కడ తిష్ట వేస్తుందంటే ఇక్కడ, తెలియకపోవడానికీ తెలుసుకోవడానికి ఇష్టపడకపోవడానికీ మధ్యనున్న చీకట్లో. 1537లో పోపు మూడో పాల్ ఈ జనం వివేకం గల మనుషులేననీ, క్రైస్తవులు కాకపోయినా వాళ్ల స్వేచ్ఛనీ ఆస్తినీ లాక్కోకూడదనీ ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. 1542లో స్పెయిన్ రాజు కొత్త చట్టాలు తెచ్చాడు. దొరలు తిరగబడితే ముఖ్యమైన కట్టుబాట్లని వెనక్కి తీసుకున్నాడు. ఆ కాలంలో నీతి లేకపోలేదు, అమలు లేదు. ఇది మనకేమైనా కొత్త కథా?

ఇది ఒక్క కతోలికుల గొడవే కదా అని మన బాప్టిస్టు, లూథరన్ మిత్రులు ఊపిరి పీల్చుకోవద్దు. 1553 అక్టోబరు 27న జెనీవాలో మిగెల్ సెర్వెతస్‌ని త్రిత్వాన్ని ఒప్పుకోలేదన్న నేరానికి సజీవంగా కాల్చారు. ఆ విచారణ వెనక కాల్విన్ ఉన్నాడు. 1903లో కాల్విన్ వారసులు అదే చోట పశ్చాత్తాప శిల నిలబెట్టారు. మంచి పనే. కానీ ఆ రాతిమీద కాల్విన్‌ని మహా సంస్కర్తగా కొనియాడుతూ, జరిగిన తప్పు ఆయన శతాబ్దపు తప్పు అని చెక్కించారు. అంటే నేరం నూరేళ్ల మీదకి పోయింది, మనిషి మీద నిలవలేదు. అదే శతాబ్దంలో, మరుసటి ఏడాదే, బాసెల్‌లో ఉన్న సెబాస్టియన్ కాస్టెలియో మతభేదాలకి మనిషిని చంపకూడదని పుస్తకం తెచ్చాడు. చంపితే సిద్ధాంతం కాపాడినట్టు కాదు, మనిషిని చంపినట్టేనని కాల్విన్‌కి జవాబు రాశాడు. ఆ జవాబు ఆయన బతికుండగా అచ్చుకాలేదు. మరి కాస్టెలియోది ఏ శతాబ్దం?

ఇంకో మెట్టు దిగుదాం. 1550-51లో వయ్యదొలీద్ నగరంలో రాజు ఏర్పాటు చేసిన సభ ముందు లాస్ కసాస్‌కీ హువాన్ హినెస్ దె సెపుల్వెదాకీ వాదం జరిగింది. సెపుల్వెదా గొప్ప పండితుడు, అరిస్టాటిల్‌ని అనువదించినవాడు. కొందరు పుట్టుకతోనే బానిసలన్న అరిస్టాటిల్ మాటని ఆధారం చేసుకున్నాడు. పుట్టుకతో అన్న ఆ ఒక్క మాట చాలు, ఈ దేశంలో ఎవరికైనా ఒళ్లు జలదరించడానికి. ఆయన రెండో ఆధారం ఆదివాసుల నరబలులు, విగ్రహపూజ. ఇవి ప్రకృతి ధర్మానికే విరుద్ధం కాబట్టి ముందు యుద్ధం చేసి లొంగదీయాలి, తర్వాత మతం బోధించాలి అన్నాడు.

ఇక్కడున్న మెలిక చూడండి. ఆదివాసుల్ని వాళ్ల కాలంతో, వాళ్ల ఆచారంతో కొలవాలని సెపుల్వెదా అనలేదు. తన కొలబద్దతోనే కొలిచాడు, శిక్ష కూడా వేశాడు. నరబలి ఇచ్చేవాడు తన దేవుడికి తనకి తెలిసిన శ్రేష్ఠమైనది ఇస్తున్నాననుకుని పొరబడుతున్నాడు, ఆ పొరపాటుని మాటతో సరిదిద్దాలి తప్ప కత్తితో కాదని వాదించినవాడు లాస్ కసాస్. అంటే అవతలివాడి కాలాన్నీ ఆచారాన్నీ అర్థం చేసుకోవాలన్న ఔదార్యం ఆ సభలో ఉన్నది ఓడినవాళ్ల కోసం మాట్లాడినవాడి దగ్గరే. ఇవాళ సెపుల్వెదా లాంటివాళ్ల కోసం ఆ ఔదార్యం అడుగుతున్నారు. వాళ్లు బతికున్నప్పుడు ఎవరికీ పెట్టనిది చచ్చాక వాళ్లకి పెట్టమంటున్నారు. సభ తీర్పేమీ స్పష్టంగా చెప్పలేదు, ఇద్దరూ తామే గెలిచామనుకున్నారు.

ఇంతదాకా మాట్లాడినవాళ్లంతా స్పెయిన్ వాళ్లూ యూరపు వాళ్లే. మంచివాడూ వాళ్లలోనే, చెడ్డవాడూ వాళ్లలోనే. కాలినవాడికి కొలబద్ద లేదా? లాస్ కసాస్ పుస్తకంలోనే క్యూబా అధ్యాయంలో హతువేయ్ కథ ఉంది. హిస్పానియోలా నుంచి తన జనాన్ని తీసుకుని క్యూబాకి పారిపోయిన నాయకుడు. బంగారు నగలున్న బుట్టని తనవాళ్లకి చూపించి, క్రైస్తవుల దేవుడు ఇదే అన్నాడట. 1512లో పట్టుకుని కొయ్యకి కట్టారు. ఒక సన్యాసి దగ్గరకొచ్చి బాప్తిస్మం తీసుకుంటే పరలోకానికి పోతావన్నాడు. క్రైస్తవులు కూడా అక్కడికే వస్తారా అని అడిగాడు హతువేయ్. మంచివాళ్లు వస్తారన్నాడు సన్యాసి. అయితే నాకా చోటు వద్దు, నరకమే మేలన్నాడు. కాల్చారు. ఈ కథని లాస్ కసాస్ ఎంతవరకు దిద్దుకున్నాడో మనం చెప్పలేం, కాని ఆ దీవుల జనం క్రైస్తవుల గురించి ఒక తీర్పుకి వచ్చారన్నది దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది. ఆ తీర్పు 1512 నాటిది. దాన్ని మనం "ఆధునికం" అనడం హతువేయ్ నోట్లోంచి మాట లాక్కోవడమే.

వాళ్ల చేత్తో వాళ్లు రాసింది కూడా ఉంది. పెరూలో ఫెలిపె గ్వమన్ పోమ దె అయాలా అనే ఆదివాసి 1615 ప్రాంతాల్లో స్పెయిన్ రాజుకి ఒక ఉత్తరం రాశాడు. ఉత్తరమంటే దాదాపు 1,200 పేజీలు, 398 బొమ్మలు. స్పానిష్‌లో, మధ్యలో క్వెచువా మాటలు కలిపి. బలవంతాన ఆడవాళ్లచేత మగ్గం నేయించే గురువునీ, జనాన్ని కొరడాతో కొట్టే అధికారినీ గీశాడు. ఒక బొమ్మలో బీద ఆదివాసి మోకాళ్లమీద ఉంటాడు, చుట్టూ ఆరు జంతువులు: జిల్లా అధికారి పాము, దారిన పోయే స్పానిష్ వాడు పులి, వెట్టిదొర సింహం, మతగురువు నక్క, రాతపని చేసేవాడు పిల్లి, తమ కులంలోనే ఉన్న ఊరిపెద్ద ఎలుక. ఆ పిల్లిని చూసి మా మిత్రుడొకరు "మా ఊరి కరణం" అన్నాడు.

గ్వమన్ పోమ క్రైస్తవుడు. ఆ మతం వదలకుండానే, దాని మాటలతోనే దాని పెద్దల్ని నిలదీశాడు. మీరు నేర్పిన పది ఆజ్ఞల్ని మీరే తప్పారన్నాడు. ఆ రాతప్రతి ఎటుపోయిందో ఏమో, 1908లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ గ్రంథాలయంలో బయటపడింది, 1936లో అచ్చయింది. మూడొందల ఏళ్లు బీరువాలో ఉన్న తీర్పుని చూడకుండా "ఆ కాలంలో ఎవరూ తప్పనలేదు" అని చరిత్ర రాసుకున్నాం. అట్లాగని ఆయన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. తాను రాజవంశీకుణ్ణని చెప్పుకుంటాడు, సంకర జాతులంటే మండిపడతాడు, తక్కువ పుట్టుక వాళ్లు పెద్దరికానికి రావడం సహించలేడు. పీడితుడి గొంతులో కూడా మెట్లుంటాయి. మన దగ్గర లేవా?

లాస్ కసాస్ మీద మా అసలు ఫిర్యాదు కూడా ఇలాంటిదే. ఆయన పుస్తకంలో ఆదివాసులు గొర్రెలు, స్పెయిన్ వాళ్లు తోడేళ్లు. గొర్రెలకి కోపం రాదు, కపటం తెలియదు, ఆస్తి మీద ఆశ లేదు, వాళ్లలో వాళ్లకి కొట్లాటల్లేవు. ఎందుకింత సాధుత్వం? చదివే యువరాజుకి జాలి కలగాలి కాబట్టి. మనిషి కావడానికి ముందు మంచివాడు కావాలన్న షరతు ఇందులో ఉంది. 'మాలపల్లి' రామదాసుని చదివినప్పుడు మాకు కలిగిన ఇబ్బంది ఇదే. కొడుకుని చంపినా వేదాంతం మాట్లాడగలిగిన మాలవాడే పై కులం పాఠకుడికి ఆమోదం. హరిజన అన్న పేరులోనూ అదే జాలి ఉంది. హతువేయ్ కథ లాస్ కసాస్ చట్రంలో ఇమడకుండా పొడుచుకొచ్చేది అందుకే. గొర్రె అట్లా మాట్లాడదు.

అంకెల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. నలభై ఏళ్లలో కోటీ ఇరవై లక్షలకు పైగా చనిపోయారంటాడు. ఆయన లెక్కలు పెంచి చెప్పినవని చరిత్రకారులు చాలామంది అంటారు, చావుల్లో ఎక్కువ భాగం మశూచిలాంటి రోగాల వల్లనని కూడా అంటారు. రోగం రాజాజ్ఞ తీసుకుని రాలేదు నిజమే. కానీ గనిలో తిండి లేకుండా పనిచేసేవాడికి వచ్చిన రోగానికీ, ఇంట్లో పడుకున్నవాడికి వచ్చిన రోగానికీ ఒకటే పేరు పెట్టి ఊరుకుందామా?

ఇప్పుడు ఈ పుస్తకం ఎవరి చేతుల్లో పడిందో చూడాలి. 1583లో ఇంగ్లీషులోకి వచ్చింది. 1598లో థియొడోర్ దె బ్రి అనే ప్రొటెస్టెంటు చెక్కిన భయంకరమైన బొమ్మలతో యూరపంతా తిరిగింది. 1656లో మళ్లీ ఇంగ్లీషులో వచ్చి క్రామ్‌వెల్‌కి అంకితమైంది. అప్పటికి క్రామ్‌వెల్ ఐర్లండ్‌లో నెత్తురు పారించి ఉన్నాడు, అంతకుముందు ఏడాదే అతని సేనలు స్పెయిన్ నుంచి జమైకాని గుంజుకున్నాయి. ఆదివాసుల కన్నీళ్లు ఇంగ్లండుకి యుద్ధనినాదంగా పనికొచ్చాయి. ఆ జమైకాలో తర్వాత చెరకు తోటలూ ఆఫ్రికన్ బానిసలూ వచ్చారు. హింస గురించిన నిజం ఇంకో హింసకి పెట్టుబడి కాగలదు.

ఇది ఎందుకు చెప్తున్నామంటే, మన మాల మాదిగ పల్లెల్లో గోవా పేరు అట్లాగే తిరుగుతోంది. 1560 నుంచి 1812 దాకా, మధ్యలో నాలుగేళ్లు తప్పితే, గోవాలో ఇంక్విజిషన్ నడిచిన మాట నిజం. దాన్ని పెట్టమని 1546లోనే పోర్చుగల్ రాజుకి ఉత్తరం రాసినవాడు ఫ్రాన్సిస్ జేవియర్, ఇవాళ మన ఊళ్లలో ఎన్ని చర్చీలకి ఆయన పేరుందో లెక్కలేదు. దీన్ని దాచి లాభం లేదు. "ఆ కాలం అట్లాంటిది" అని జేవియర్‌కి గొడుగు పట్టాల్సిన పని దళిత క్రైస్తవుడికి లేదు. ఆ గొడుగు పట్టామా, అదే నీడలో మనువు వచ్చి నిలబడతాడు. మనుస్మృతి ఆ కాలపు పుస్తకమేనంటారు, 1927 డిసెంబరు 25న మహద్‌లో దాన్ని అంబేడ్కర్ ఎందుకు తగలబెట్టారని ఇప్పటికీ అడుగుతారు. ఇద్దరికీ ఒకటే తక్కెడ పెట్టాలి. గోవా గురించి గొంతు చించుకునేవాళ్లని మేం అడిగేది కూడా ఈ తక్కెడ సంగతే.

పోతే, గోవా ఇంక్విజిషన్‌ని తెచ్చి 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో బాప్తిస్మం తీసుకున్న 2,222 మంది నెత్తిన రుద్దడం న్యాయం కాదు. వాళ్లలో అత్యధికులు మాదిగలు, కరువులో బక్కచిక్కి వచ్చినవాళ్లు. వాళ్లు ఎవర్నీ కాల్చలేదు. అయితే చర్చి ఆస్తిలో వాటా అడిగే మనం దాని అప్పులో వాటా లేదనలేం. ఈ రెండు మాటల మధ్య మా సభ్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. చర్చలో ఒకరు లేచి, అప్పు తీర్చాల్సింది ఆస్తి అనుభవించినవాడు, స్మశానంలో కూడా వేరే గోడ అవతల పూడ్చబడ్డవాడు కాదు అన్నారు. ఆ మాట తేలిగ్గా తీసెయ్యలేకపోయాం.

ఎందుకంటే ఆ గోడ కట్టిందీ చర్చే. 1623లో పోపు పదిహేనో గ్రెగరీ, మదురైలో రాబర్ట్ దె నొబిలీ వాదం విని, మతం మారిన బ్రాహ్మణులు జంధ్యమూ గంధమూ ఉంచుకోవచ్చని అనుమతిచ్చాడు. అదే ఆజ్ఞాపత్రంలో, పుట్టుక గొప్పదనుకునేవాళ్లు చర్చిలో తక్కువవాళ్లని ఈసడించవద్దనీ, వాక్యం వినడంలో సంస్కారాలు తీసుకోవడంలో వేరుపడవద్దనీ బతిమాలాడు కూడా. జంధ్యం నిలిచింది, బతిమాలడం కాగితంలో ఉండిపోయింది. ఇక్కడా తప్పని తెలియకపోవడం లేదు.

మరి మన కాలం? అంటరానితనం రద్దని రాజ్యాంగం 17వ అధికరణం చెప్పింది. పాకీపని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మనుషులు మురుగు కాలవల్లో దిగి చస్తూనే ఉన్నారు. రేపెవరైనా మన గురించి రాస్తూ, ఇరవై ఒకటో శతాబ్దపు వాళ్లకి అంత అవగాహన లేదు పాపం అంటే మనం ఒప్పుకుంటామా? ఆధునిక ప్రమాణం అన్నది గుండెల్లో ఉన్నంత మాత్రాన చేతల్లో ఉన్నట్టు కాదని మనకి తెలుసు కాబట్టే 1511 నాటి శ్రోతలు మనకింత దగ్గరగా కనబడతారు. మొంతెసినోస్ మాట విని మండిపడి, మధ్యాహ్నం భోజనం చేసి, సోమవారం మళ్లీ వెట్టివాళ్లని గనికి పంపినవాళ్లు.

గతాన్ని తీర్పు చెయ్యడం మనం పైమెట్టు మీద నిలబడి చేసేది కానక్కర్లేదు. జోతిరావు ఫూలే 1873లో తన 'గులాంగిరీ'ని నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా జనానికి అంకితమిచ్చాడు. ఇంకో దేశపు పీడితుల లెక్క తన లెక్కలో కలుపుకున్నాడు. ఆఫ్రికన్ల లెక్క దగ్గరే లాస్ కసాస్ కూడా దొరికిపోతాడు. ఆదివాసుల్ని వెట్టి నుంచి తప్పించడానికి 1516లోనూ ఆ తర్వాతా ఆయన ఆఫ్రికా బానిసల్ని తెప్పించమని సలహా ఇచ్చాడు. ఒకరి మెడ మీది కాడి ఇంకొకరి మెడ మీదకి. ఆ వ్యాపారం ఆయన మొదలుపెట్టింది కాదు, ఆయన అడక్కపోయినా సాగేదే. అయినా ఆయన తనకి "ఆ కాలం" అన్న సాకు ఇచ్చుకోలేదు. పోర్చుగీసు వాళ్లు ఆఫ్రికన్లని ఎట్లా పట్టుకొస్తున్నారో తర్వాత తెలుసుకుని, వాళ్ల బానిసత్వమూ ఆదివాసులదంత అన్యాయమేననీ, తన అజ్ఞానం దేవుడి ముందు తనని కాపాడుతుందో లేదో తెలియదనీ తన 'ఇండీస్ చరిత్ర'లో రాసుకున్నాడు. తాను చచ్చాక నలభై ఏళ్లదాకా ఆ పుస్తకం అచ్చెయ్యొద్దని చెప్పాడు. ఆయన 1566లో పోయాడు. పుస్తకం అచ్చు మొదలైంది 1875లో. అప్పటికి ఆయన ఒకప్పుడు వెట్టిదొరగా ఉండిన క్యూబాలో, స్పెయిన్ చట్టం కిందే, ఆఫ్రికన్లు ఇంకా బానిసలుగానే ఉన్నారు. 1886 దాకా ఉన్నారు.